వికలాంగుని బండి – బంధువుల సారథ్యము

భారతయుద్ధమున అర్జునుని రథమును నడపినవాడు శ్రీకృష్ణుడు. ఆయన అర్జునునకు జీతపు సారథి కాడు, మేనబావ. ఆ రథమైనను అర్జునుడు సొమ్మిచ్చి కొన్నది కాదు. ఖాండవదహన సమయమున అగ్నిదేవుడు వరుణునినుండి తెప్పించి యిచ్చినది. అయినను రథమును ఏ చోట నిలుపవలయునో చెప్పినవాడు అర్జునుడు. కృష్ణుడంతటివాడు ఆ మాట విని రెండు సేనల నడుమ దానిని నిలిపినాడు. బండి యొకరిది, పగ్గము మరియొకరిది, పయనము వేరొకరిది కావచ్చును. ఈ మూడును వేరువేరు సంగతులని తెలిసికొన్నచో, ఇపుడు మనము చెప్పుకొనబోవు విషయము సులభముగా బోధపడును.

మెదకు జిల్లాలో రామాయంపేటకు చేరువనున్న నిజాంపేటవంటి యూరిలో, నడువలేని మనిషి యున్న ఇంటిని ఊహింతము. వైద్యునికి చూపవలెనన్న మెదకుకో సిద్దిపేటకో పోవలెను. పెద్ద చికిత్స యైనచో హైదరాబాదు. సదరం శిబిరము, బ్యాంకు, బంధువుల ఇంట పెండ్లి – దేనికైనను ప్రయాణము తప్పదు. తెలంగాణలో 2023 డిసెంబరు 9వ తేదీనుండి ఆడువారికి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో టికెట్టు లేదు. కాని టికెట్టు లేకున్నను మెట్లున్నవి. కాళ్లు వంగని తల్లికి బస్సు మొదటి మెట్టే కొండ. అందుచేత ఇంటివారు కారునో ఆటోనో సమకూర్చుకొందురు. కొనగలిగినవారు కొందురు; కొనలేనివారు కిరాయికి తెత్తురు. నడుపువాడు సాధారణముగా కొడుకో, తమ్ముడో, అల్లుడో. ఇది మన యిండ్లలో ఎంత సహజమైన పని యనగా, దీనికి ఒక చట్టమును ఒక పద్ధతియు ఉండునని ఎవరికిని తోచదు. బండి క్షేమముగా తిరిగి వచ్చినంతకాలము తోచనక్కరయు లేదు. ప్రమాదము జరిగిననాడే ప్రశ్న లన్నియు ఒక్కసారి మీదపడును.

వికలాంగునికొరకు కిరాయి బండి, దానిని బంధువు నడుపుట – దీనిని ఒక జాతీయ పద్ధతిగా తీర్చిన దేశము బ్రిటను. అచ్చటి చరిత్ర మనకు పనికివచ్చు పాఠము గావున మొదట దానిని చూతము.

1948లో జాతీయ ఆరోగ్య సేవ యేర్పడిన పిమ్మట బ్రిటిషు ప్రభుత్వము వికలాంగులకు మూడు చక్రముల చిన్న మోటారు బండ్లను ఇచ్చుచు వచ్చినది. లేత నీలిరంగు వేసిన ఆ బండిలో ఒక్కరే కూర్చుండవలెను. ఆ ఒక్కరును స్వయముగా నడుపవలెను. ఇతరులను ఎక్కించుకొనుటకు అనుమతి లేదు. మేలు తలచియే చేసిన ఏర్పాటైనను అందులో రెండు లోపము లున్నవి. కాళ్లు లేని తల్లి తన బిడ్డను ప్రక్కన కూర్చుండబెట్టుకొని పోజాలదు, ఇది మొదటిది. రెండవది ఇంకను పెద్దది. చేతులు కూడ స్వాధీనములో లేనివారు, చూపు లేనివారు, పసిబిడ్డలు – వీరు బండి నడుపలేరు గనుక వీరికి బండియే లేదు. అనగా ఎవరికి సాయము మిక్కిలి అవసరమో వారికే అది అందలేదు. నడుపగలుగుటకును పయనింప నర్హత కలిగియుండుటకును గల భేదమును ఆ పద్ధతి గుర్తింపలేదు.

ఈ విషయమును విచారించిన లేడీ షార్ప్ 1974లో తన నివేదికను సమర్పించినారు. మూడు చక్రముల బండ్లకు మారుగా కార్లు ఉండవలెనని అందు సూచింపబడినది. 1976లో ప్రభుత్వము ప్రయాణభత్యమును ప్రవేశపెట్టినది. నడుపగలవారికిని నడుపలేనివారికిని ఒకేరీతిగా సొమ్మిచ్చుట ఇందలి విశేషము. కాని వారము వారము చేతికి వచ్చు చిన్న మొత్తముతో కారు కొనుట ఎట్లు? ఆ చిక్కును తీర్చుటకు 1977లో మోటబిలిటీ అను ధర్మసంస్థ వెలసినది. వికలాంగుడు తన భత్యమును ఆ పథకమునకు మరలించును. పథకమువారు అతనికి కారును లీజు కిత్తురు. 1978లో మొదటి కార్లు చేతులు మారినవి. పాత నీలిబండ్లు మెల్లమెల్లగా తగ్గి, 2003 మార్చి 31వ తేదీతో బ్రిటిషు రోడ్లమీదనుండి పూర్తిగా తొలగింపబడినవి.

లీజన నేమి? మన సేద్యగాండ్రకు కౌలు తెలియని సంగతి కాదు. భూమి పట్టాదారుది, సాగు, పంట కౌలుదారువి, గడువు తీరగానే భూమిని తిరిగి అప్పగింపవలెను. మోటబిలిటీ కారును ఇట్టిదే. కారు సంస్థది, మూడేండ్ల గడువు. చక్రములకుర్చీతో సహా ఎక్కుటకు వీలుగా మార్చిన పెద్ద బండ్లకు గడువు ఐదేండ్లు. భీమా, మరమ్మతు, టైర్లు, దారిలో నిలిచిపోయినచో సహాయము – అన్నియు ఆ లీజులోనే చేరియుండును. వికలాంగునికి లైసెన్సు ఉండనక్కరలేదు. అతడు తనకొరకు నడుపువారి పేర్లను నమోదు చేయించును. ముగ్గురివరకు అట్లు చేర్చవచ్చును. భార్యయో, కొడుకో, పొరుగువాడో కావచ్చును. మూడేండ్లు నిండిన బిడ్డకు భత్యము వచ్చుచున్నచో తల్లిదండ్రులే కారు తీసికొని నడుపుకొందురు.

నియమములలో ముఖ్యమైనది ఒక్కటే. కారు వికలాంగుని చేతగాని, వికలాంగుని మేలుకొరకుగాని వాడబడవలెను. అతడు కారులో లేనపుడు బంధువు దానిని తీయనేకూడదని దీని యర్థము కాదు. అతని మందులు తెచ్చుటకు, ఇంటికి సరుకులు కొనుటకు ఒంటరిగా పోవచ్చును. అది అతని పనియే. కాని మేనల్లుడు ఆ కారును తన సొంత సొత్తువలె తీసికొనిపోయి, ఇంటనున్నవారికి వారముల తరబడి అక్కరకు రానీయకుండుట నియమభంగము. దానిని బాడుగకు తిప్పుట అంతకన్న తప్పు. అట్టి దుర్వినియోగము తేలినచో కారును వెనుకకు తీసికొందురు. అపు డెవరు నష్టపోదురు? తప్పు చేసిన మేనల్లుడు కాదు, మంచముమీదనున్న మేనమామ. బంధువుల సారథ్యములోగల అసలు గండ మిదియే.

ఆ దేశములో స్థిరపడిన మన తెలుగువారు పెక్కుమంది కలరు. మనలో కొందరి బిడ్డలు అచ్చటనే యున్నారు. అట్టివారు తెలిసికొనదగిన సంగతి యొకటి కలదు. 2013నుండి పనివయస్సువారికి పాత భత్యము మారి వ్యక్తిగత స్వావలంబన చెల్లింపు అను క్రొత్తది వచ్చినది. అందలి ప్రయాణభాగము హెచ్చురేటున వచ్చువారే కారునకు అర్హులు. 2025 ఏప్రిలుతో మొదలైన సంవత్సరమునకు ఆ రేటు వారమునకు 77 పౌండ్ల 5 పెన్నీలు. స్కాట్లండులో ఇట్టి చెల్లింపులకు 2022నుండి వేరు ఏర్పాటు నడచుచున్నది. ఉద్యోగపు వీసాలపై పోయినవారికి సామాన్యముగా ప్రభుత్వ నిధులు పొందరాదను షరతు ఉండును. ఆ షరతు ఉన్నంతకాలము ఈ చెల్లింపు రాదు, దానితో కారును రాదు. శాశ్వత నివాసపు అనుమతి లభించిన పిమ్మటనే అడుగుట మేలు. ఇంకొక మాట: మన దేశపు లైసెన్సుతో అక్కడ స్థిరనివాసి నడుపగలిగినది మొదటి 12 నెలలు మాత్రమే. ఆ పైన ఆ దేశపు పరీక్షలో నెగ్గవలెను.

ఇక మన దేశమునకు వత్తము. వికలాంగుని భత్యమునకు మారుగా కారును లీజు కిచ్చు జాతీయ పథకము మనకు లేదు. తెలంగాణలో వికలాంగుల పింఛను 2023లో నెలకు 3,016 రూపాయలనుండి 4,016 రూపాయలకు పెరిగినది. అది తిండికి మందులకు సరిపెట్టుకొనవలసిన సొమ్మేగాని కారు బాడుగకు చాలునది కాదు. ఐనను చట్టము ఈ యవసరమును గుర్తింపలేదని యనజాలము. 2017 ఏప్రిలు 19వ తేదీనుండి అమలైన వికలాంగుల హక్కుల చట్టము, 2016, తన 41వ సెక్షనులో ప్రయాణ సౌకర్యములను గురించి చెప్పినది. వికలాంగులకు అందుబాటు ఖర్చులో సొంత ప్రయాణము సమకూర్చుటకై ప్రోత్సాహములు, బండ్లకు మార్పులు, ప్రయాణమందు తోడు అను మూడింటికి ప్రభుత్వములు పథకములు వేయవలెనని అందున్నది. తోడు అను మాటను గమనింపుడు. రైల్వేవారు ఈ సూత్రమును ఎప్పటినుండియో పాటించుచున్నారు. తోడు లేనిదే పోలేని వికలాంగునితోపాటు తోడుపోవు మనిషికి కూడ చార్జీలో రాయితీ ఇత్తురు.

మోటారు వాహనముల చట్టము, 1988లో కూడ ఈ భావము కలదు. వికలాంగునికొరకు ప్రత్యేకముగా నిర్మించిన బండి ఏదని నిర్వచించుచు, అది అట్టివాని చేతగాని అట్టివాని కొరకుగాని మాత్రమే వాడబడునది యని ఆ చట్టము పలికినది. 2019 సవరణ, ఉన్న బండికి మార్పులు చేయించుకొన్న వాహనమును కూడ ఈ నిర్వచనములోనికి చేర్చినది. "కొరకు" అను ఆ ఒక్క మాటలో కొడుకు, తమ్ముడు, అల్లుడు అందరును ఇముడుదురు. 2020 అక్టోబరులో రిజిస్ట్రేషను దరఖాస్తు ఫారమునందు యజమాని వికలాంగుడని వ్రాయుటకు ప్రత్యేకమైన గడి చేర్చబడినది. దీనివలన బండి ఎవరిదో కాగితముమీద స్పష్టమగును. పన్ను విషయమున, 2017నుండి శారీరక వైకల్యముగలవారికి చిన్న కార్లపై జి.ఎస్.టి. 18 శాతమే యుండెను. ఇతరులకు 28 శాతము, పైన సెస్సు. 2025 సెప్టెంబరు 22వ తేదీనుండి ఆ చిన్న కార్లపై అందరికిని 18 శాతమే యైనది గనుక రేటులో నాటి వ్యత్యాసము నేడు లేదు.

బండిని కిరాయికి తీసికొన్న యింట నడుపువాని బాధ్యత ఎట్టిది? ఇందు మూడు రకములు కలవు. మూడింటికి మూడు న్యాయములు.

మొదటిది పసుపు ప్లేటు టాక్సీ. ఇందు డ్రైవరు టాక్సీవాడే. పర్మిటు, భీమా అతని బాధ్యత. మన మనిషి వెనుక సీటులో తోడు మాత్రమే. చిక్కు లేనిది ఇదియే. ఖర్చు మాత్ర మెక్కువ.

రెండవది నల్ల ప్లేటుపై పసుపు అక్షరములు గల బండి. ఇది డ్రైవరు లేకుండ కిరాయి కిచ్చునది. మన తమ్ముడే నడుపుకొనవచ్చును. ఇట్టి వ్యాపారమునకు కేంద్రప్రభుత్వము 1989లో ఒక పథకమును ప్రకటించినది. దాని ప్రకారము లైసెన్సు కావలెనన్న 50 కార్లకు తక్కువ కాకుండ ఉండవలెను. అందువలననే ఈ బండ్లు హైదరాబాదులో కనబడునుగాని నిజాంపేటలో కనబడవు. పల్లెలో అట్టి బేరము 50 కార్లకు సరిపోదు.

ఈ లోటును పూడ్చుటకు పల్లెలలో పుట్టినది మూడవ రకము: తెల్లప్లేటు సొంత కారును ఎరిగినవారు రోజుకింత యని తీసికొని యిచ్చుట. ఇది స్నేహముగా కనబడును. చట్టము దృష్టిలో మాత్రము పర్మిటు లేని కిరాయి. పర్మిటు లేకుండ బండిని కిరాయికి తిప్పుట భీమా షరతులకు మూలమునుండి విరుద్ధమని సుప్రీంకోర్టు 2004లో మన తెలుగునాటినుండి పోయిన ఒక వ్యాజ్యములో తీర్పు చెప్పినది. దెబ్బతిన్న బాటసారికి కంపెనీ పరిహార మిచ్చినను, ఆ సొమ్మును బండి యజమానినుండి మరల రాబట్టుకొనవచ్చునని అందు నిర్ణయింపబడినది. ఉపకారము చేసిన పొరుగువాని పొలము అమ్ముడుపోవు స్థితి దానివలన రావచ్చును. డబ్బు తీసికొనక ఊరక యిచ్చిన కారు వేరు, డబ్బు తీసికొన్న కారు వేరు. ఈ భేదమును ఇరువురును ముందే యెరుగవలెను.

ఇవికాక దీర్ఘకాలపు లీజు కూడ ఉన్నది. నెలనెలా చందా కట్టి రెండుమూడేండ్లు కారు వాడుకొను పద్ధతిని ఇటీవలి యేండ్లలో కార్ల కంపెనీలు నగరములలో పెట్టినవి. ఇందు తెలియవలసినది: మోటారు చట్టమున "యజమాని" అను మాటకు అర్థము చెప్పుచు, లీజు ఒప్పందము క్రింద నున్న బండిని ఎవరు స్వాధీనములో నుంచుకొందురో వారే యజమాని యని 2వ సెక్షను పేర్కొనినది. యజమాని మైనరైనచో సంరక్షకుడు యజమాని. అనగా వికలాంగుని పేర లీజు తీసికొన్నచో, అతడు స్టీరింగును తాకకున్నను, లైసెన్సు లేనివాని చేతికి బండి యీయకుండు బాధ్యత అతనిదే. పదునారేండ్ల మనుమడు ముచ్చటపడి నడిపినచో, 2019 సవరణ ప్రకారము సంరక్షకునికి గాని యజమానికి గాని 25,000 రూపాయల జుర్మానాయు మూడేండ్లవరకు జైలును పడవచ్చును.

భీమా విషయమును మేము ప్రత్యేకముగా చెప్పదలచితిమి. ఏలన ఈ చిక్కు చాలమందికి తెలియదు. నిర్బంధపు భీమా బాటలోనివారి రక్షణకు ఉద్దేశింపబడినది. దానితోపాటు యజమాని స్వయముగా నడుపుచు ప్రమాదమున మరణించినచో 15 లక్షల రూపాయలు వచ్చు వ్యక్తిగత ప్రమాదభీమా కూడ కలదు. కాని అది లైసెన్సు కలిగిన యజమానికే వర్తించును. వికలాంగుడైన అన్నకు లైసెన్సు లేదు. కావున అతనికి అది రాదు. తన బండిలో తానే కూర్చున్నవాడు బాటసారివంటి మూడవ మనిషియు కాడు. నడిపిన తమ్ముని సంగతి యేమి? జీతపు డ్రైవరైనచో అతనికి చట్టమున రక్షణ కలదు. జీతము లేని తమ్ముడు జీతపు డ్రైవరు కాడు. అన్న బండిని అడిగి తీసికొని నడుపువాడు యజమాని చెప్పులలో కాలు పెట్టినవానితో సమానమని సుప్రీంకోర్టు 2009లో చెప్పినది. అందుచేత తన తప్పువలన తానే దెబ్బతిన్నచో, అతని కుటుంబము ఆ బండి భీమానుండి మామూలు పరిహారమును కోరజాలదు. ఇంటిలో అశక్తుడు ఒక్కడు, ఇంటిని మోయువాడు ఒక్కడు. ఇరువురును ఒకే బండిలో నున్నపుడు ఇరువురికిని రక్షణ లేకపోవుట ఎంత ఘోరము! దీనికి మందు కలదు, ఖర్చును ఎక్కువ కాదు. పాలసీ తీసికొనునపుడు, బండిలో కూర్చుండువారికిని నడుపువానికిని వర్తించునట్లు ఐచ్ఛికమైన వ్యక్తిగత ప్రమాదభీమాను అడిగి చేర్పించుకొనవలెను. అడుగనిదే ఎవరును చెప్పరు.

చట్టము చెప్పగలిగినది ఇంతవరకే. చట్టము చెప్పలేనిది యొకటి మిగిలియున్నది. బంధువు నడుపు బండిలో కూర్చున్నవాడు మెల్లమెల్లగా సామానువలె అయిపోవు ప్రమాదము కలదు. బయలుదేరు వేళ నడుపువాని తీరికను బట్టియుండును. ఆసుపత్రికైనచో తీసికొనిపోదురు, స్నేహితుని చూచి వత్తునన్నచో ఇపుడెందుకందురు. పెండ్లికి అందరును పోదురు, బండిలో చోటు చాలక అతడొక్కడు ఇంట నిలిచిపోవును. అతని పేర రాయితీ పొందిన బండిలోనే చోటు చాలదు! ఇందు దుర్మార్గ మేమియు లేదు, ప్రేమయే యుండవచ్చును. కాని అడుగుటకు నోరు రాని మనిషి ఒకటి రెండుసార్లు అడిగి ఊరకుండును. పిమ్మట అడుగుటయే మానును. మానినపుడు ఇంటివారు, వానికి ఎక్కడికిని పోవలెనని లేదందురు.

కావున అట్టి యింటివారికి మా మనవి యిది. వికలాంగుడు తానే నడుపగలడేమో మొదట విచారింపుడు. చేతితో నడుపుటకు అనువుగా మార్చిన బండ్లకు లైసెన్సులు ఇచ్చుచున్నారు. నడుపలేనపుడు, వారములో ఒక పూటయైనను బండి అతని మాటపై కదలునట్లు ఇంటిలో ఏర్పాటు చేసికొనుడు. ఆ పూట ఎక్కడికని అడుగవచ్చునుగాని ఎందుకని అడుగవలదు. బండి కాగితములు, పాలసీ, లీజు ఒప్పందము అతని కందుబాటులో నుంచుడు. చదువరాకున్నచో చదివి వినిపింపుడు. ఒక్క బంధువుమీదనే భారము మోపక, లైసెన్సుగల ఇంకొకరిని సిద్ధముగా నుంచుడు. నడుపువానికి జ్వరము వచ్చిననాడు ఆసుపత్రి తేదీ తప్పిపోరాదు గదా. పెట్రోలు ఖర్చును ముందే తేల్చుకొనుడు. తేల్చుకొనని ఖర్చు ఒకనాడు మాటగా బయటపడును, ఆ మాట తగులునది కదలలేనివానికే. ఇవన్నియు చేయుటకు ప్రభుత్వపు పథక మేదియు రానక్కరలేదు. బండి తలుపు తీసినవెంటనే, ఎక్కడికి పోదమని ముందు అతనినే అడిగిన చాలును.